కొత్త వంటకు ఎనిమిది పరీక్షలు

వంటల పుస్తకమును చూచి రాత్రి భోజనము వండు గృహిణులకు ఒక ఆహార పాఠము

"వంటల పుస్తకము చూచి రోజుకొక కొత్త వంట చేయవచ్చునా?" అని నా వద్దకు వచ్చు గృహిణులలో పెక్కుమంది అడుగుచుందురు. దీనికి ఒక్క మాటలో జవాబు చెప్పుట వైద్యునికి సాధ్యము కాదు. ఏ వంట, ఎవరికి, ఎంత, ఏ వేళ అను నాలుగు సంగతులు తెలిసిన పిమ్మటనే చెప్పగలడు.

పండుగనాడు మధ్యాహ్నము కొత్త వంట ఒకటి ఎక్కువైనను, సాయంకాలము వరకు తిరుగాడుదుము గనుక అరిగిపోవును. పనిదినములలో రాత్రి భోజనము అట్టిది కాదు. ఉద్యోగస్థులు అలసి ఇల్లు చేరుదురు. పిల్లలకు నిద్రవేళ దగ్గరపడును. తిన్న గంటలోపుననే ఇంటిల్లిపాదియు పక్కల మీదికి చేరుదురు. అగ్ని మందగించిన వేళ, దేహమునకు పరిచయము లేని ఆహారము, అందులోను బరువైనది చేరినచో, దాని ఫలము మరునాడు తెలియును. కొందరికి నెలల తరువాత గాని తెలియదు.

ఈ పాఠము సారాంశమును ముందే చెప్పెదను. కొత్త వంట ఇంటికి రావచ్చును. అది పాత భోజనములో పావు వంతుగా రావలెను. ఇంటిలో అందరికంటె జఠరాగ్ని బలహీనముగా ఉన్నవారిని తలచుకొని రావలెను.

ఆయుర్వేదము కొత్తదానిని కాదనునా?

ఆయుర్వేదము పాతవానిని మాత్రమే మెచ్చుకొనునని చాలామంది అనుకొందురు. ఇది సరి కాదు. నేడు మన వంటింటిలో నిత్యము వాడు మిరపకాయ, టమోటా, బంగాళాదుంప ప్రాచీన సంహితలలో లేవు. ఇవి అమెరికా ఖండము నుండి పోర్చుగీసువారి రాక తరువాత మన దేశమునకు చేరినవి. అయినను వైద్యులు వానిని వెలివేయలేదు. రుచి, గుణము, వీర్యము, విపాకము పరిశీలించి వాడుకను నిర్ణయించినారు. 16వ శతాబ్దికి చెందిన భావమిశ్రుడు విదేశము నుండి వచ్చిన చోపచీనిని తన భావప్రకాశములో చేర్చినాడు. లోకములో ఔషధము కాని ద్రవ్యమే లేదని చరకుని సిద్ధాంతము. యుక్తి తెలిసి వాడుటయే ముఖ్యము.

వంటల పుస్తకములు కూడ మనకు కొత్తవి కావు. నలుని పేరిట పాకదర్పణము కలదు. 16వ శతాబ్దిలో క్షేమశర్మ క్షేమకుతూహలమును, 17వ శతాబ్దిలో రఘునాథ సూరి భోజనకుతూహలమును రచించినారు. తమిళములో 1951లో వెలువడిన మీనాక్షి అమ్మాళ్ గారి సమైత్తుప్పార్, తెలుగులో మాలతీ చందూర్ గారి వంటలు-పిండివంటలు ఎన్నో ఇండ్లలో కొత్త కోడండ్రకు చేయూతనిచ్చినవి.

పాత పాకశాస్త్ర గ్రంథములకును, నేటి రంగుల పుస్తకములకును ఒక భేదము కలదు. పాతవి వంట చేయు విధముతో పాటు దాని గుణమును కూడ చెప్పును. ఇది వాతమును పెంచును, ఇది ఈ ఋతువులో హితము అని ఉండును. నేటి పుస్తకములో "నలుగురికి సరిపడును, నలుబది నిమిషములు పట్టును" అని ఉండును. ఆ నలుగురిలో డెబ్బది యేండ్ల అత్తగారు ఉన్నారా, మధుమేహము గల భర్త ఉన్నాడా, తొమ్మిదేండ్ల పిల్లవాడు ఉన్నాడా అనునది పుస్తకము వ్రాసినవారికి తెలియదు. ఆ ఖాళీని గృహిణియే పూరించుకొనవలెను.

వికారాబాదు, తాండూరు వంటిండ్లు

ఈ విషయమును ఒక ప్రాంతమునకు అన్వయించి చూచిన సులభముగా తెలియును. వికారాబాదు నుండి తాండూరునకు రమారమి 40 కిలోమీటర్లు. వికారాబాదు చెంత మూసీ నది పుట్టిన అనంతగిరి కొండలు, అడవులు కలవు. తాండూరు కాగ్నా నది ఒడ్డున, కర్ణాటక సరిహద్దునకు సమీపమున, నాపరాతి గనుల నడుమ ఉన్నది. రెండు చోట్లను తరతరములుగా రాత్రి భోజనమునకు ఆధారము జొన్నరొట్టె, కందిపప్పు. వీనితో పుంటికూర, పచ్చిపులుసు, పల్లీల పొడి, నువ్వుల పొడి చేర్చుకొందురు. తాండూరు కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు లభించినది. జొన్నతో కూడిన చిరుధాన్యముల పేర ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ సంవత్సరముగా జరిపినది.

లోకము ఇట్లు మెచ్చుకొనుచున్న వేళనే, ఆ ఊళ్ల మధ్యతరగతి ఇండ్లలో రాత్రిపూట జొన్నరొట్టె పళ్లెము నుండి మెల్లగా తప్పుకొనుచున్నది. దాని స్థానమున మైదా నాన్, వెన్న మసాలాలు, నూడుల్స్, మీగడ కూరలు వచ్చుచున్నవి. ఇందుకు గృహిణులను నిందించుట అన్యాయము. తాండూరు నుండి వచ్చిన ఒక ఇల్లాలు నాతో అన్న మాట వినుడు: "ఇరవై ఏండ్ల సంది గదే పప్పు, గదే రొట్టె. తినేటోల్లకే గాదు, చేసేదానికి సుత యాష్టకు రాదా అయ్యగారూ?"

ఆమె మాటలో న్యాయమున్నది. రుచిపై మనస్సు లేక తిన్న అన్నము సరిగా జీర్ణము కాదని శాస్త్రమే చెప్పుచున్నది. విసుగుతో వండిన చేతికిని ఈ మాట వర్తించునని నా అభిప్రాయము.

ఆ ఇంటి కథ ఇది. భర్తకు వికారాబాదులో ఉద్యోగము. రాత్రి ఎనిమిది దాటిన పిమ్మట రైలు దిగి ఇల్లు చేరును. ఆయనకు మధుమేహము కలదు. అత్తగారికి డెబ్బది దాటినవి. ఇద్దరు పిల్లలు. ఈమె ఒక వంటల పుస్తకము కొని, ఉత్సాహముతో వారమునకు ఐదు రాత్రులు ఐదు కొత్త వంటలు చేయసాగినది. మూడు వారములు గడుచునప్పటికి అత్తగారికి కడుపుబ్బరము, తెల్లవారుజామున పుల్లని త్రేన్పులు. భర్తకు ఉదయపు చక్కెర పెరిగినది. చిన్నవాడు పప్పు ముట్టుట మానినాడు. ఇంట మాటలు మొదలైనవి. "నీ పుస్తకమే ఇంత పని చేసినది" అని అత్తగారు. పుస్తకమును అటక మీద పారవేసి, కన్నీళ్లతో నా వద్దకు వచ్చినది.

"అమ్మా, పుస్తకమును క్రిందికి దింపుము. అందులో నీకు ఇష్టమైన ఒక్క వంటను చూపుము" అన్నాను. ఆమె దాల్ మఖనీ, నాన్ చూపినది. మేమిద్దరము కూర్చుండి ఆ వంటను చరకసంహిత విమానస్థానములో చెప్పిన ఎనిమిది విషయములతో పరీక్షించినాము. వీనికి అష్ట ఆహారవిధి విశేషాయతనములు అని పేరు. ఏ ఇంటి గృహిణి అయినను ఇట్లే చేయవచ్చును.

ఎనిమిది పరీక్షలు

1. ప్రకృతి. ద్రవ్యము యొక్క సహజగుణము. వంటలోని ముఖ్యమైన మూడు ద్రవ్యములను వ్రాసికొని, ప్రతిదాని ఎదుట గురువు (బరువైనది) లేక లఘువు (తేలికైనది) అని గుర్తించవలెను. మినుములు గురువు, స్నిగ్ధము, కఫమును పెంచును. పప్పు ధాన్యములలో పెసలు శ్రేష్ఠమైనవి. కంది లఘువు, రూక్షము. కఫపిత్తములను తగ్గించును, వాతమును కొంత పెంచును. జొన్నయు లఘువు, రూక్షమే. దాల్ మఖనీలో మినుములు, వెన్న, మీగడ మూడును గురువులే. వీనికి తోడు మైదా నాన్. మూడింటిలో రెండు గురువులైనచో ఆ వంట మధ్యాహ్నమునకు చెందినదని నా లెక్క.

2. కరణము. సంస్కారము, అనగా వండు విధము. నీరు, నిప్పు, నానబెట్టుట, చిలుకుట, కాలము, పాత్ర ఇవి ద్రవ్యగుణమును మార్చును. ఐదు రెట్లు నీటితో ఉడికిన బియ్యము అన్నము; ఆరు రెట్లతో యవాగువు; పదునాలుగు రెట్లతో మండము. బియ్యమొకటే. బలవంతునికి అన్నము, జ్వరము తగ్గినవానికి మండము. గురుకులములో మాకు మందుల తయారీ కంటె ముందు ఈ గంజుల తయారీయే నేర్పినారు. వంటిల్లే మొదటి ఔషధశాల అని మా గురువుల మతము.

ఇచ్చట ఒక హెచ్చరిక. దాల్ మఖనీలో వేయు రాజ్మా గింజలు సరిగా ఉడకనిచో వాంతులు, విరేచనములు కలిగించు విషగుణము వానిలో మిగులును. రాత్రంతయు నానబెట్టి, ఆ నీటిని పారబోసి, కొత్త నీటితో ప్రెషర్ కుక్కరులో మెత్తగా ఉడికించవలెను. సన్నని సెగ మీద సగము ఉడికిన రాజ్మాను తినరాదు.

3. సంయోగము. ద్రవ్యముల కలయిక. విడివిడిగా మంచివైనవి కలిసినప్పుడు విరుద్ధము కావచ్చును. పాలు-చేపలు, పాలు-పుల్లని పండ్లు, సమాన తూకములో తేనె-నెయ్యి విరుద్ధములని ఆయుర్వేద మతము. కొత్త పుస్తకములలో చేపకు పాల సాసు, పాల కస్టర్డులో అనాస ముక్కలు కనబడును. ఇట్టివి రాత్రికి పనికిరావు. మన వంటలో టమోటాల పులుపు, మీగడ కలిసినవి. ఒకదానిని విడువవలెను. మీగడను విడుచుట సులభము.

4. రాశి. పరిమాణము. దీనిలో రెండు లెక్కలు కలవు. మొత్తము భోజనము ఎంత అనునది సర్వగ్రహము. అందులో ఒక్కొక్క పదార్థము ఎంత అనునది పరిగ్రహము. ఎక్కువ ఇండ్లలో తప్పటడుగు ఇచ్చటనే పడును. కొత్త వంట పాతదాని బదులుగా రాదు, పాతదాని పైన వచ్చి కూర్చుండును. "కొంచెము రుచి చూడు" అని రెండు గరిటెలు, "రోజూ తినునది మానకూడదు" అని అన్నము, చివర పెరుగు. పుస్తకములో నలుగురికి 100 గ్రాముల వెన్న అని ఉన్నది. ఒక్కొక్కరికి 25 గ్రాములు, అనగా వెన్న నుండియే సుమారు 180 క్యాలరీలు. రాత్రి కూర్చుండి పని లేని దేహమునకు ఇది అధికము. నలుగురికి నాలుగు చెంచాల నెయ్యి చాలును. కొలతలలో ఇంకొక చిక్కు కలదు. విదేశీ పుస్తకపు కప్పు 240 మిల్లీలీటర్లు. మన పుస్తకములు కొన్ని 200 అని లెక్కించును. ఇంటిలో ఒకే కప్పును నిర్ణయించుకొని దానితోనే కొలువవలెను.

5. దేశము. ద్రవ్యము పుట్టిన చోటు, తినువాడు నివసించు చోటు. రాతి నేల, పొడిగాలి గల తాండూరులో జొన్న, కంది వంటి రూక్షమైన ఆహారమును ఒట్టిగా తినరాదు. మన పెద్దలు రొట్టె మీద నూనె కారము పూయుట, నువ్వుల పొడి నంజుకొనుట, పప్పులో ఇంగువ వేయుట ఊరక చేయలేదు. రూక్షతకు స్నేహము, వాతమునకు ఇంగువ, జీలకర్ర. అత్తగారి కడుపుబ్బరమునకు కొత్త వంట ఒక్కటే కారణము కాదనియు, పాత పప్పులో కూడ ఇటీవల నెయ్యి, ఇంగువ మానివేసినారనియు అడుగగా తెలిసినది. అనంతగిరి చుట్టుపట్ల వర్షాకాలము తేమ అధికము. అప్పుడు అల్లము, మిరియము కొంచెము పెంచుట మంచిది.

6. కాలము. ఋతువు, వేళ, వయస్సు. చలికాలమున అగ్ని బలముగా ఉండును. ఆ దినములలో దాల్ మఖనీ వంటిది ఒక ఆదివారము మధ్యాహ్నము చేసికొనవచ్చును. వర్షాకాలమున అగ్ని మందము. రాత్రి పెరుగు తినరాదని చరకుని నియమము. కావున పుస్తకములోని రాయితాలను రాత్రికి వ్రాసికొనవద్దు. భోజనమునకు, నిద్రకు నడుమ రెండు మూడు గంటలు ఉండవలెను. భర్త ఎనిమిది దాటిన పిమ్మట వచ్చు ఇంట, తొమ్మిదిన్నరకు వడ్డించు బరువైన వంటకు స్థానము లేదు.

7. ఉపయోగ సంస్థ. తిను విధము. వేడిగా, కొద్దిపాటి స్నేహముతో, మునుపటి భోజనము అరిగిన తరువాత, మరీ త్వరగాను మరీ నెమ్మదిగాను కాక, మనస్సు పెట్టి తినవలెను. టీవీ ఎదుట తిన్న పిల్లవానికి కొత్త రుచి తెలియదు, చాలు అను సంగతియు తెలియదు. కొత్త వంట చేసిన రాత్రియైనను అందరును ఒక చోట కూర్చుండవలెను.

8. ఉపయోక్త. తినువాడు. ఒకనికి అలవాటుచే హితమైనది ఓకసాత్మ్యము. అత్తగారికి డెబ్బది యేండ్లుగా జొన్న, కంది సాత్మ్యములు. ఆమె కడుపును ఒక్క వారములో మార్చబూనుట తగదు. వంట చేయునామె కూడ ఉపయోక్తయే. రెండు గంటలు పొయ్యి ఎదుట నిలిచి, అందరికి వడ్డించి, పదిన్నరకు చల్లారినది తినునట్టి వంట ఎంత రుచిగా ఉన్నను ఆ ఇంటికి హితము కాదు.

ఎనిమిదింటిలో దాల్ మఖనీకి ఎన్ని మార్కులు వచ్చినవని అడిగినాను. "రెండు" అని ఆమెయే నవ్వినది. ఆ రెండును విలువైనవే. సన్నని సెగ మీద ఓపికగా మరిగించుట ఒకటి. అల్లము, టమోటా, జీలకర్ర, కసూరీ మెంతి కలిసిన పరిమళము రెండవది. పిల్లలు ఇష్టపడినది ఈ పరిమళమునే గాని మినుముల బరువును కాదు. పుస్తకము నుండి రుచిని గ్రహించి, బరువును విడిచినచో వంట ఇంటిది అగును.

పావు వంతు పద్ధతి

అలవాటును విడుచుటకు గాని, కొత్తదానిని చేర్చుటకు గాని చరకుడు పాదాంశిక క్రమము చెప్పినాడు. ఒక్కసారిగా కాక, వంతుల చొప్పున మార్చవలెనని దాని భావము. దానిని వంటింటికి నేను ఇట్లు అన్వయించి చెప్పుచుందును.

వారమునకు ఒక్క రాత్రి మాత్రమే కొత్త వంట. మొదటి వారము భోజనములో పావు వంతు కొత్తది, ముప్పావు వంతు పాతది. రెండవ వారము అదే వంట సగము. మూడవ వారము ముప్పావు. నాలుగవ వారమునకు అది పూర్తి వంటగా నిలుచును. నడుమ ఎవరికైన ఉబ్బరము, మంట, నిద్రలేమి కలిగినచో ఒక మెట్టు వెనుకకు దిగవలెను. రెండవసారియు అట్లే అయినచో ఆ వంటను విడువవలెను.

"రెండు వంటలు చేయుటకు నాకు ఓపిక ఎక్కడిది?" అని ప్రశ్న రావచ్చును. రొట్టె, పప్పు ఎట్లును చేయుదురు. పుస్తకములో నలుగురికి వ్రాసిన కొలతలను నాలుగవ వంతుకు తగ్గించి, చిన్న గిన్నెలో చేయుడు. శ్రమయు, ఖర్చును, పారవేయుటయు తగ్గును. ఇంకొక నియమము: ఒకే రాత్రి రెండు కొత్త వంటలు వద్దు. ఏదైన పడనిచో దేని వలన అని తెలియదు.

ఆ తాండూరు ఇల్లాలు ఆరు నెలల తరువాత మరల వచ్చినది. ఒకటి నచ్చక మొదటి వారమే విడిచినవి పోగా, ఐదు కొత్త వంటలు ఇంటిలో నిలిచినవని చెప్పినది. "గా టమాట అల్లం పప్పు మా అత్తమ్మనే అడుగుతది" అన్నది. భర్త మాత్రలు అట్లే వాడుచు, రాత్రి పరిమాణము తగ్గించినాడు. పిల్లవాడు పప్పు తినుచున్నాడు.

పరీక్షకు నిలిచిన మూడు వంటలు

(నలుగురికి)

తాండూరు కందిపప్పు యూషము: కందిపప్పు 60 గ్రాములు, పెసరపప్పు 40 గ్రాములు కడిగి అరగంట నానబెట్టవలెను. అర లీటరు నీటితో, పావు చెంచా పసుపు వేసి కుక్కరులో మెత్తగా ఉడికించి, ఎనిపి, మరియొక అర లీటరు వేడినీరు కలుపవలెను. రెండు చెంచాల నేతిలో చెంచా జీలకర్ర, చిటికెడు ఇంగువ, అంగుళము అల్లపు తురుము, కరివేపాకు, తరిగిన రెండు టమోటాలు వేయించి పప్పులో చేర్చి, సన్నని సెగపై పది నిమిషములు మరిగించవలెను. దించునపుడు అర చెంచా మిరియపు పొడి, నలిపిన కసూరీ మెంతి చెంచా, తగినంత ఉప్పు. దాల్ మఖనీ పరిమళము దీనికి వచ్చును. ఆమ్లపిత్తము గలవారు టమోటా ఒకటి తగ్గించి, సొరకాయ ముక్కలు వేసికొనవలెను.

జొన్నగట్క కిచిడి: జొన్నరవ్వ 150 గ్రాములు రెండు గంటలు నానబెట్టవలెను. పెసరపప్పు 50 గ్రాములు, సొరకాయ, క్యారెట్, బీన్స్ కలిపి 200 గ్రాములు. మూడు చెంచాల నేతిలో జీలకర్ర, అల్లము, కరివేపాకు వేయించి, అన్నియు చేర్చి, ఒక లీటరు నీరు, ఉప్పు, పసుపు వేసి కుక్కరులో ఐదారు ఈలలు రానీయవలెను. వేడిగా తినవలెను. చల్లారిన పిమ్మట గట్టిపడును. వేడినీరు కలిపి జారుగా చేసికొనవచ్చును. రైలు దిగి ఆలస్యముగా వచ్చువారికి ఇది మేలైనది.

మెంతికూర మడత రొట్టె: పుస్తకములోని మైదా రోల్‌కు ఇది బదులు. జొన్నపిండి 250 గ్రాములకు చిటికెడు ఉప్పు చేర్చి, మరిగించిన నీరు కొద్దికొద్దిగా పోయుచు కలిపి, చేతి వేడి తగ్గిన తరువాత బాగుగా పిసికి, రొట్టెలు తట్టి పెనముపై కాల్చవలెను. రెండు కట్టల మెంతికూర, రెండు క్యారెట్ల తురుము రెండు చెంచాల నూనెలో మగ్గించి, రెండు చెంచాల పల్లీల పొడి చల్లవలెను. రొట్టె వేడిగా ఉన్నప్పుడే కూర పరచి సగమునకు మడువవలెను. చల్లారిన రొట్టె విరుగును. పిల్లలు పప్పు లేక రొట్టె మాత్రమే తినరాదు. యూషము ఒక గిన్నె తోడుగా ఇయ్యవలెను.

ఎవరు జాగ్రత్త పడవలెను?

జొన్న తిన్నంత మాత్రమున చక్కెర పెరుగదని భావింపరాదు. అదియు పిండిపదార్థమే. రొట్టెల సంఖ్యకు మితి కావలెను. మధుమేహమునకు మాత్రలు గాని, ఇన్సులిన్ గాని వాడుచున్నవారు భోజన పరిమాణమును ఒక్కసారిగా తగ్గించినచో చక్కెర మరీ పడిపోవచ్చును. వైద్యునికి చెప్పి మార్చుకొనవలెను; వంట మారినదని మందు మానరాదు. మూత్రపిండముల వ్యాధి గలవారు పప్పుల పరిమాణమును తమ వైద్యుని అడిగి నిర్ణయించుకొనవలెను. తరచుగా త్రేన్పులు, ఛాతీలో మంట, బరువు తగ్గుట, మలములో నలుపు లేక రక్తము కనబడినచో దానిని వంట దోషమని సరిపెట్టుకొనక వెంటనే పరీక్ష చేయించుకొనవలెను. పెద్దవయస్సువారికి ఛాతీలో కొత్తగా నొప్పి వచ్చినచో గ్యాసు అని తలపక ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

మరునాటి ఉదయము చూడవలసినవి

రాత్రి వంట మంచిచెడ్డలు భోజనపు బల్ల దగ్గర తెలియవు. నాలుక మెచ్చుకొనును, అతిథి పొగడును. అసలైన తీర్పు మరునాటి ఉదయమునకు వాయిదా పడును. తిన్నది చక్కగా జీర్ణమైనదనుటకు శాస్త్రము చెప్పిన గుర్తులు ఇవి: శుద్ధమైన త్రేన్పు, దేహము తేలికగా ఉండుట, మలమూత్రములు సుఖముగా వెడలుట, ఉత్సాహము, వేళకు ఆకలి, దప్పిక.

కావున ప్రతి కొత్త వంటకు పుస్తకపు అంచున నాలుగు మాటలు వ్రాసికొనుడు. ఏ తేదీన చేసితిరి, ఎంత వంతు పెట్టితిరి, ఎవరికి నిద్ర చెడినది, ఉదయము ఎవరికి ఆకలి వేసినది. పది వంటలకు ఇట్లు వ్రాసినచో, అచ్చులో లేని సంగతులు, మీ ఇంటి నలుగురి కడుపులకు చెందినవి, ఆ అంచులలో చేరును. రేపు మీ కోడలికో, కూతురికో ఆ పుస్తకము ఇచ్చునపుడు, ఆమె ముందుగా చదువవలసినది ఆ చేవ్రాతనే.